బోర్లించిన రాగికాగు

కార్తికమాసాంతమున నొకనాటి ప్రాతఃకాలమందు కోరంగిరేవుపై బ్రసరించిన సూర్యకాంతి తన సహజమైన పసిడివన్నెను విడిచి చిలుముపట్టిన తామ్రపాత్రమునుండి ప్రతిఫలించు వెలుగువలె నరుణమలినమై కానవచ్చుచుండెను. ఉదయమగుటతోడనే కలకలారావముల నాకాశమును నింపు కొంగలును నీటికాకులును నేడు మడయడవులను విడిచి యెప్పుడో పడమటిదిక్కునకు మరలిపోయియుండెను. గాలి యొక తాటియాకునైన గదల్పకున్నను సముద్రఘోషము మాత్రము క్షణక్షణము సమీపించుచు మట్టిగోడలకు దగిలి యిండ్లలోని యుట్టిచట్లను గడగడలాడించుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున కుంఫిణీవారి దొరతనము నాటి మాట యిది. వెనుకటి యుప్పెనను బాల్యమున జూచిన వృద్ధులు కొందరు వీథియరుగులపై గూర్చుండి తూర్పుదిక్కునే చూచుచుండిరి.

రేవునకు ననతిదూరమున నోడవారి పేటలో నొక పూరియింటి పెరటియందు కొండమ్మ యను యువతి చంటిబిడ్డను చంకనిడుకొని యా యెర్రని వెలుగును జూచి కారణము దెలియకయే భయపడుచుండెను. ఆమె యేలేరు నదిగట్టుననున్న మెట్టపల్లెలో బుట్టి పెరిగినది. వివాహమునకు బూర్వము సముద్రమును గన్నులార జూచి యెరుగదు. ఆమె పెనిమిటి యెర్రన్న చుక్కాని పట్టువాడు. ధాన్యపుటోడపై చెన్నపట్టణమునకేగి నేడో రేపో తిరిగి రావలసినవాడు. ఇంట నామెయు, ఎర్రన్న తల్లియగు నూకాలును, ఆ పసికూనయు దప్ప వేరొకరు లేరు.

ఆ పేటలో నొక యాచారము గలదు. ఇంటి మగవాడు నీటిపై నున్నంతకాలము ఆ యింట కుండగాని చట్టిగాని బోర్లింపరాదు. తోమిన పాత్రలను సైతము వెల్లకిలనే యుంచి గుడ్డతో దుడిచి యారబెట్టవలెను. ఇంట పాత్ర బోర్లినచో నడిసముద్రమున నోడ బోర్లునని వారి నమ్మకము. కొత్తగా గాపురమునకు వచ్చిన దినములలో కొండమ్మ పుట్టింటి యలవాటు చొప్పున కడిగిన చట్టిని బోర్లింపబోగా నూకాలు నిప్పులోబడు బిడ్డను లాగినట్లు పరుగున వచ్చి దానిని లాగికొనెను.

"ఓసి నీ సేతులిరిగిపోనూ! మొగుడు నీళ్ల మీదుంటే సట్టి బోర్లిస్తావటే? మీ మెట్టోళ్లకి సట్టంటే సట్టే. మాకు సట్టంటే మనిషే!"

"తెలీదత్తా. నీళ్లు కారిపోతాయని..."

"గుడ్డ లేదూ? తుడువు. నా పెనివిటి పోయిన ఏడు మా తోడికోడలు అచ్చి ఇలాగే బోర్లించింది. పక్కింటి సత్తెమ్మ కళ్లారా సూసింది. ఆ అచ్చి సచ్చేదాకా పేటలో దాని సేతి మంచినీళ్లు ఎవరూ ముట్టలేదు. నేనూ ముట్టలేదు."

ఈ కడపటి మాటను నూకాలు గర్వముతో బలికెను. నాటినుండియు కొండమ్మ దీపము పెట్టువేళ నింటిలోని ప్రతి పాత్ర మూతిని వ్రేళ్లతో దడవి చూచుకొనక కూడు ముట్టెడిది కాదు. అన్నిటికంటె నామెకు భయము పుట్టించునది తన పుట్టింటివారు సారెతో బంపిన రాగికాగు. పెయ్యదూడ కడుపంత పొట్టయు నిరుకైన మూతియు గల యా కాగు మంచినీటితో నిండి మూలనుండెను. ఎవరి కాలైన దగిలి యది దొర్లునేమోయని యామె దానిచుట్టు నిటుకలు పేర్చియుంచెను.

ఆ యుదయమున సత్తెమ్మ దడిమీదుగా తొంగిచూచి నవ్వెను.

"ఏమే మెట్టపిల్లా, ఆకాశమెందుకలా సూస్తున్నావు? మొగుడు నిచ్చెనేసుకుని దిగొస్తాడనా?"

"ఊరుకో సత్తెమ్మా. ఆ ఎరుపు నాకు నచ్చలేదు" అని నూకాలు పలికెను. అత్తగారి గొంతులో వణకు వినుట కొండమ్మకదియే ప్రథమము.

మధ్యాహ్నమగుసరికి నీశాన్యమునుండి వీచిన ప్రచండవాయువు తాళవృక్షముల తలలను ద్రెంచి యిండ్లకప్పులను గడ్డిపరకలవలె నెగురగొట్టెను. కొంతసేపటికి గాలి హఠాత్తుగా నాగెను. ఆ నిశ్శబ్దమున దూరమందలి కుక్కల యేడ్పుకూడ వినవచ్చెను. గండము గడచెనని యెంచి కొందరు వీథిలోనికి వచ్చిరి. అంతట గాలి దిక్కు మార్చుకొని సముద్రముమీదినుండి విరుచుకొనిపడెను; దాని వెనుక సముద్రమే లేచి వచ్చెను. అది యలవలె రాలేదు. నురుగుతో బురదతో పడవచెక్కలతో గూడిన యొక నల్లని గోడ నడచివచ్చినట్లు వచ్చెను.

రెప్పపాటున నీరు మోకాళ్లను దాటి నడుమునంటెను. తూర్పుగోడ కరిగి కూలెను. నూకాలు నడిమి నిట్టాడు స్తంభమును గౌగిలించుకొని గంగమ్మతల్లిని బిలుచుచుండగా కొండమ్మ బిడ్డను భుజముపై కెత్తుకొని రొమ్ములోతు నీటిలో దడబడుచుండెను. ఆ సమయమున నేదియో బరువైనది యామె మోకాలికి దగిలెను. అది రాగికాగు.

ఏలేటికి నీరు వచ్చు దినములలో తన యూరి యాడపడుచులు బోర్లించిన కుండను రొమ్ముక్రింద నుంచుకొని నవ్వుచు నావలిగట్టునకు జేరుట యామెకు స్ఫురించెను. స్ఫురించినంతనే యా తలపునకు తానే భయపడెను. బిడ్డను నూకాలు భుజమున కెక్కించి కాగును పైకెత్తి లోపలి నీటిని వంచి మూతి పైకుండునట్లే నీటిపై విడిచెను. తొలి కెరటము దానిని నింపి ముంచెను. మరల బైకిలాగి వంచి విడిచెను. మరల మునిగెను. నీరు మెడవరకు వచ్చెను.

"అత్తా, బోర్లిస్తేనే తేలుతుంది. బోర్లిస్తే మనల్ని మోస్తుంది!"

"వద్దే! నీ కాళ్లట్టుకుంటానే! నా కొడుకు మునిగిపోతాడే!"

ఆ క్షణమున నొక కెరటము బిడ్డ ముఖముపై గొట్టెను. బిడ్డ దగ్గెను, పిదప నేడువలేదు. కొండమ్మ మనోనేత్రమున నెక్కడనో నడిసముద్రమున చుక్కానిని బట్టిన యెర్రన్న కరకు చేతులు గోచరించెను. ఆ చేతులు తన్నే పిలుచుచున్నట్లు తోచెను. ఇటు చూడగా పసిదాని పెదవులు నీలివర్ణము దాల్చుచుండెను.

"నన్ను తిట్టుకోవయ్యా" అని యామె గొణిగి కాగును బోర్లించెను.

కాగు నీటిని గరచుకొని బుడుంగుమని శబ్దించెను. ఆ శబ్దము పాత్రమునుండి గాక యొక మనుష్యుని కంఠమునుండి వెడలినట్లు కొండమ్మకు వినబడెను. ఐనను నామె చేయి విడువలేదు. నిట్టాడునుండి యత్తగారి వ్రేళ్లను బలవంతముగా నూడదీసి బిడ్డతోగూడ నామెను కాగు పొట్టపైకి ద్రోసి తానొక చేత దాని నంటిపట్టుకొని కాళ్లాడించుచు ప్రవాహమునకు లోబడెను. నూకాలు కన్నులు మూసికొని యంతసేపును "ఎర్రన్నా, ఎర్రన్నా" యని యొకే పేరు జపించుచుండెను.

ఓడలు గట్టు చోట సగము కట్టిన యొక యోడ పక్కటెముకలు నీటిపై నిక్కియుండగా ప్రవాహము వారిని దానికడకు జేర్చెను. అచట దూలముల గరచుకొనియున్న కొందరిలో సత్తెమ్మ యొకతె. ఆమె చేయి చాచి మొదట బిడ్డను, పిదప నూకాలును బైకి లాగెను. బిడ్డ నీరు గ్రక్కి యేడ్చెను. కొండమ్మను లాగుచుండగా మాత్రము సత్తెమ్మ చూపు బోర్లియున్న కాగుపై బడి యచటనే నిలిచిపోయెను.

నీరు తీసినపిదప పేటలో మిగిలినది బురదయు శవములును. తాటిమట్టలతో నొక నీడ గట్టుకొని యత్తాకోడండ్రు దానిలో దలదాచుకొనిరి. నూకాలు కాగును దెచ్చి తుడిచి వెల్లకిల నుంచెను గాని కోడలితో నొక్క మాటయు బలుకలేదు. అత్తగారు పెదవి కదల్చినపుడెల్ల "అచ్చి" యను పేరు వెడలునేమోయని కొండమ్మ భయపడెడిది. రేవువైపునుండి యెవరు వచ్చినను లేచి నిలుచుండెడిది. వార్త వినవలెననియు వినరాదనియు నొకేసారి కోరెడిది.

ఒక సాయంకాలమున నెర్రన్న యోడపై బనిచేయు పైడయ్య యనువాడు తీరము వెంబడి నడచి నడచి యెముకలగూడై పేట జేరెను. జనులు చుట్టు మూగిరి.

"ఓడేదిరా?" యని నూకాలు అడిగెను.

వాడు నేలను గూలబడెను. "బోర్లబడింది పెద్దమ్మా."

"నా కొడుకో?"

"సుక్కాని వదల్లేదు. వదలమని అరిచాను. వదల్లేదు."

"ఏ పొద్దుకాడ?"

"అంతా సీకటే. పగలో రాత్రో ఎవడికెరుక?"

ఏడ్పులు చెలరేగెను. కొండమ్మకు మాత్రము కన్నీరు రాలేదు. ఆమె చెవులలో నా బుడుంగను శబ్దమే మ్రోగుచుండెను. ఇంతలో సత్తెమ్మ ముందునకు వచ్చి వ్రేలు చూపెను.

"ఆవేళ కాగు బోర్లించుంది. నా కళ్లతో సూశాను. ఎవరు బోర్లించారు?"

స్త్రీల చూపులన్నియు నొక్కపెట్టున కొండమ్మవైపు మరలెను. బిడ్డను గట్టిగా హత్తుకొని యామె కన్నులు మూసికొనెను.

"నేనే" యని వినబడెను.

"నువ్వా నూకాలూ? నువ్వు బోర్లిస్తావా?"

"ప్రాణం తీపి సత్తెమ్మా. నేనే బోర్లించాను. ఇకనుంచి నా సేతి నీళ్లు తాగకండి. పొండి."

ఒక్కరొక్కరుగా నందరును వెడలిపోయిరి. సత్తెమ్మ మాత్రము కూలిన దడి యావల నిలిచియుండెను. నూకాలు కాగును బయటికి దెచ్చి యిసుకతో జింతపండుతో దోమి చట్టిలోని నీటితో గడిగెను. కొండమ్మ దుడుచుటకు గుడ్డ దెచ్చెను.

"గుడ్డెందుకే? ఈ ఇంటోళ్లు నీళ్ల మీద ఎవరున్నారు?"

అట్లు పలికి నూకాలు తన రెండుచేతులతో నా కాగును నేలపై బోర్లించెను. చాలసేపటివరకు చేతులు దానిమీదనుండి తీయలేదు.

కొండమ్మ యామె యెదుట మోకరిల్లెను.

"అత్తా, దాహమేస్తోంది."

నూకాలు కోడలి ముఖమును, దడి యావలనున్న సత్తెమ్మను మార్చి మార్చి చూచెను. పిదప చట్టిని పైకెత్తి మెల్లగా వంచెను. రాగికాగు నంచునుండి జారిన నీరు తడి యిసుకపై గుండ్రని గీత గీసి యింకిపోవుచుండగా కొండమ్మ దోసిలి యొగ్గి అత్త చేతినీరు కడపటి చుక్కవరకు ద్రావెను.