వంటింటి మంద్రస్థాయి

పాలగిన్నె అడుగంటింది. ఒంట్లో కోపం ఉన్న రోజైతే అలాంటి గిన్నె తోమడం ఇట్టే అయిపోతుంది గానీ, ఆ పొద్దున ఆవిడకి కోపమేం లేదు. ఇల్లింకా లేవలేదు. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. మూలన పాత ఫ్రిజ్ తన మానాన తను మ్‌మ్‌మని మోగుతోంది. పీచు గిన్నె అడుగున గుండ్రంగా తిరుగుతుంటే, ఆవిడా నోరు మూసుకునే ఆ మోతతో గొంతు కలిపింది. కలిపి, మెట్లు దిగినట్టు ఒక్కో స్వరమే కిందికి దిగింది. బొడ్డు దగ్గర్నుంచి లేచినట్టు నిండుగా, వెచ్చగా వచ్చింది. చేతిలో గిన్నె కూడా సన్నగా అదిరింది. ఆవిడకి నవ్వొచ్చింది. రోజు మొత్తంలో ఆవిడ సొంత గొంతుతో ఉండేది ఆ కాసేపే.

"ఏమోయ్, టీ అయిందా?" పడగ్గదిలోంచి ఆయన కేక.

"అయిందండీ, తెస్తున్నా," అంది. ఈ గొంతు వేరు. సన్నం, తీపి, కాస్త ముక్కులోంచి. ఇది ఇంటి గొంతు.

చిన్నప్పుడు ఆవిడ ఫోనెత్తి "ఎవరూ?" అంటే చాలు, అవతల బాబాయి పిల్లలు "పెదనాన్నా, బాగున్నావా?" అని మొదలెట్టేవాళ్ళు. దాంతో ఇంట్లో ఆవిడ పేరే పెదనాన్న అయి కూర్చుంది. అన్నలు నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. నవ్వనిదల్లా వాళ్ళమ్మ. పెళ్ళి మాటలు మొదలవగానే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ గొంతు కాస్త పైకి పట్టుకుని మాట్లాడవే తల్లీ, రెండు మాటలేగా," అని బతిమాలింది. రెండు మాటల కోసం పైకి పట్టుకున్న గొంతు, ఇదిగో, తల నెరుస్తున్నా దించే వీలు చిక్కలేదు. పైగా దొరికిన ఉద్యోగం చూడండి, పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తడం. "ఇంకాస్త పైకి అమ్మా, ఇంకాస్త తీయగా. పన్ను పీకించుకోబోయేవాడికి ధైర్యం రావాలి కదా," అంటాడా డాక్టరు. సాయంత్రానికి మెడ నరాలు పట్టేసి గొంతు మండేది. అలాగే వచ్చి, అలాగే కూరలు తరిగి, అలాగే అందరికీ వడ్డించేది. గొంతు నొప్పిగా ఉందంటే, "ఫోన్లో మాట్లాడ్డమేగా, బస్తాలు మోశావా ఏం?" అనేవాడు మొగుడు. మోస్తోంది మరి. లేచింది మొదలు పడుకునేదాకా గొంతుని ఎత్తిపట్టుకునే తిరుగుతోంది. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు, అలాంటి పని ఒకటుందని ఇంట్లో ఎవరికీ తెలియనైనా తెలియదు.

సరిగ్గా ఆ రోజే, ఆవిడ టీ కప్పులు సర్దుతుంటే, మేడమీద అద్దెకున్న పాటల టీచరమ్మ తలుపు తట్టింది. ఊళ్ళో ఉద్యోగస్తుల్ని పోగేసి ఆదివారాలు బృందగానం నేర్పుతుంది ఆ టీచరమ్మ. వస్తూనే ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ వంటింటి కిటికీలోంచి పొద్దున్నే వింటున్నానండీ. అంత కిందికి వెళ్ళి, అక్కడ అంత నిబ్బరంగా నిలబడే గొంతు నేనెక్కడా వినలేదు. మా బృందంలో మగవాళ్ళున్నారు గానీ అందరూ పైపైన తేలేవాళ్ళే. కింది షడ్జం దగ్గరికొచ్చేసరికి ఒక్కరూ మిగలరు. మీరు రావాలి, కాదనకండి."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. గడ్డం గీసుకుంటూ ఏదో కూనిరాగం తీసే అలవాటుందాయనకి. "అబ్బే, ఏదో, నాకు నేను పాడుకునేది," అన్నాడు సిగ్గుపడిపోతూ.

"వాడిది పుట్టుకతో వచ్చిన గొంతమ్మా," అంది పక్క కుర్చీలోంచి అత్తగారు. "ఉయ్యాల్లో ఏడిస్తే వీధి చివర్న వినపడేది."

టీ తెచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగింది. అది నేనండీ అని చెప్పాలి. నోరు తెరిచింది కూడా. తెరిచాక తట్టింది, ఏ గొంతుతో చెప్పాలి? సన్న గొంతుతో చెబితే ఎవరూ నమ్మరు. అసలు గొంతుతో చెబితే అత్తగారు కుర్చీలోంచి పడిపోతుంది.

"టీ చల్లారిపోతుందండీ," అంది చివరికి.

వంటింట్లోకెళ్ళి, తువ్వాలు నోట్లో కుక్కుకుని కడుపు పట్టుకు నవ్వింది. నవ్వి నవ్వి ఆగాక మాత్రం కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి తన గొంతు బాగుందన్న మొదటి మనిషి, ఆ మెప్పంతా తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పోసిపోయింది. ఆయనా ఒక్క క్షణం తటపటాయించకుండా తీసుకున్నాడు. ఉతికి మడతపెట్టిన చొక్కా తీసుకున్నట్టు.

ఇక మొదలైంది సాధన. తెల్లారకుండానే ముందుగదిలో కూర్చుని ఆ... అని లాగేవాడు. తేనె కలిపిన వేణ్ణీళ్ళు గంటగంటకీ కావాలి. గిన్నె చప్పుడైతే "శ్రుతి పోతోంది" అని విసుక్కునేవాడు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి చెవి రిక్కించి, "ఇదిగో, ఈ దరిద్రపు ఫ్రిజ్ మూలానే నా గొంతు నిలబడట్లేదు. వచ్చే నెల దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేసి చప్పుడు చెయ్యనిది తెద్దాం," అని దాని స్విచ్ ఆపేశాడు. ఆ పూట పాలు విరిగాయి. పాలు పోతే పోయాయి. ఆ నిశ్శబ్దంలో గిన్నె పట్టుకుని నిలబడితే ఆవిడకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. రోజులో ఉన్న ఆ కాస్త సుఖమూ పోతోందని, దానికీ తన నోరు పెగల్లేదని, తనమీద తనకే ఒళ్ళు మండింది.

మొదటి ఆదివారం ఆయన ముఖం ముడుచుకుని వచ్చాడు. "వాళ్ళ హార్మోనియమే శ్రుతి తప్పింది," అన్నాడు. రెండో ఆదివారం, "నువ్వూ రావోయ్. ఫ్లాస్కు అందించడానికి ఒక మనిషుండాలి," అన్నాడు.

వెళ్ళింది. పొడుగాటి హాలు, పెద్ద కిటికీలు, మధ్యాహ్నపు ఎండ. ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. ఆవిడ వెనక కుర్చీలో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో ఒక పెద్దాయన వయొలిన్ తీగ సవరించుకుంటుంటే టీచరమ్మ ఆపింది. "మరీ పైకి బిగించారండీ. దాని శ్రుతిది కాదు. కాస్త వదలండి, హాయిగా మోగుతుంది." పెద్దాయన తీగ బిగించే బిరడాని వెనక్కి తిప్పాడు. ఆ మాటకి వెనక్కుర్చీలో ఆవిడ చెయ్యి తెలియకుండానే మెడ మీదికి పోయింది.

పాట మొదలైంది. ఆడవాళ్ళు పైన ఎగిరి, మధ్యలోకొచ్చి, పాటని మగవాళ్ళకి అప్పగించారు. మగవాళ్ళు కిందికి దిగుతున్నారు. ఒక్కొక్కరే ఆగిపోతున్నారు. ఆ కింది షడ్జం దగ్గరికొచ్చేసరికి ఎప్పట్లాగే ఎవరూ లేరు, హార్మోనియం ఒక్కటే మోగుతోంది. ఫ్రిజ్ మోగినట్టే.

అలవాటు ఎంత పని చేస్తుందో చూడండి. ఆవిడ నోరు మూసుకునే, ఆ మోతతో కలిపింది. హాలు నిండింది. నేల మీంచి వచ్చినట్టు, గోడల్లోంచి వచ్చినట్టు నిండింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని, "అదీ, అదండీ, మీ వంటింట్లో వినపడేది," అంటూ కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది.

ఆయన గుటక వేస్తున్నాడు. చేతిలో ఫ్లాస్కు కప్పు, నోటినిండా తేనెనీళ్ళు.

అందరూ ఆయన్నీ, కప్పునీ, మార్చి మార్చి చూశారు. పాట ఆగింది.

"ఎవరు పాడారు?" అంది టీచరమ్మ.

మళ్ళీ అదే ప్రశ్న, ఏ గొంతుతో? ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నాడు, వద్దన్నట్టు. ఇప్పుడు ఊరుకుంటే ఫ్రిజ్ పోతుంది, పొద్దుటి ఆ కాసేపూ పోతుంది, ఇక జన్మలో ఈ గొంతు బయటికి రాదు. ఫ్లాస్కు కింద పెట్టి లేచింది.

"నేనేనండీ," అంది, ఉన్న గొంతుతో. "వంటింట్లోనూ నేనే. గిన్నెలు తోముకుంటూ."

వయొలిన్ పెద్దాయన ముందు చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వుతూనే కోప్పడింది. "ఆడగొంతుల్లో ఇంత కిందివి అరుదుగా ఉంటాయమ్మా. మరి మెట్ల మీద ఎదురుపడితే అలా పిచ్చుకలా మాట్లాడతారేం? గొంతు పాడైపోదూ?" తీసుకెళ్ళి మగవాళ్ళ వరసలో చివర నిలబెట్టింది. ఆయన చేత రెండు స్వరాలు పలికించి, "మీదీ మంచి గొంతేనండీ, పై స్థాయిది. మీరిటు, ఆడవాళ్ళ పక్కన నిలబడండి," అంది. ఆయన నిలబడ్డాడు, పాపం. బాగానే పాడాడు కూడా. ఆవిడైతే, పాడుతున్నంతసేపూ ఒంట్లో ఏ నరమూ లాగలేదు. బరువు దించి కూర్చున్నంత హాయిగా ఉంది. ఇంత తేలికా, ఇంత తేలికైనదాన్నా ఇన్నేళ్ళు దాచానూ అనిపించి పాట మధ్యలో నవ్వింది.

దారి పొడుగునా ఆయన రెండడుగులు ముందే నడిచాడు. ఇంట్లో అడుగు పెట్టగానే, "నలుగురిలో పరువు తీశావు. ముందే ఏడవొచ్చుగా, నేనేనని," అన్నాడు.

"అంటే నమ్మేవారా?" అంది ఆవిడ. బెదురుకి మళ్ళీ సన్న గొంతే వచ్చింది.

అత్తగారు సంగతంతా విని నోరు నొక్కుకుంది. "పొద్దున్నే మోగేది నువ్వటే! ఫ్రిజ్ పాడైందనుకున్నానే ఇన్నాళ్ళూ."

"అది పాడైందే. రేపే ఇచ్చేస్తున్నా," అన్నాడాయన.

"ఫ్రిజ్ ఎక్కడికీ పోదు," అంది ఆవిడ. గట్టిగానే అంది, ఇంకా సన్న గొంతుతోనే, కీచుమంటూ. "ఆదివారాలు నేను పాటకి వెళ్తాను. ఆ పూట టీ మీరే పెట్టుకోండి, నాక్కూడా పెట్టండి."

"గొంతు తగ్గించు," అన్నాడాయన. "మేడమీద వింటారు."

ఈ మాట ఆవిడకి కొత్తేం కాదు. విన్న ప్రతిసారీ మాట మింగేసి వంటింట్లోకి పోయేది. ఈసారి కదల్లేదు. భుజాలు వదులు చేసింది. ఊపిరి పొట్ట దాకా తీసుకుంది. ఒక్కో మెట్టే దిగి, అడుగున, తన చోట నిలబడింది.

"తగ్గించానండీ," అంది. "ఇంక పెంచను."