మాట పడనివ్వని మనిషి

మంచాన్ని పక్కకు జరిపి, గోడ వారన పట్టిన నల్లటి బూజును అతను పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. రోజూ చేసే పనే. భార్య లేవకముందే అయిపోవాలి. ఆమె లేచి ఆ గోడను చూసిందంటే ఇక ఆ పూటకు ఇంట్లో ప్రశాంతత ఉండదు.

ఆ రోజు ఆమె ముందే మేలుకుంది. దుప్పటిని గడ్డం దాకా లాక్కుని, పడుకునే అంది.

"ఎన్నేళ్ళు తుడుస్తారండీ దాన్ని? ఇంటి ఓనరుకు ఒక్క మాట చెప్పమంటే చెప్పరు."

"చలి దేశం. చెమ్మ రాక చందనం వస్తుందా?"

"నేను దేశాన్నేమన్నాను? గోడ సంగతి చెప్పాను."

అతని చెవికి రెండూ ఒకటే. మాట పెంచకుండా గుడ్డను బకెట్లో పడేసి చొక్కా తొడుక్కున్నాడు. వచ్చి స్థిరపడిన ఆ దేశాన్ని ఎవరేమన్నా అతనికి ఒంటికి కారం రాసినట్టుండేది. బస్సు రాలేదంటే, దారిలో రద్దీగా ఉండి ఉంటుందనేవాడు. జీతం చాలడం లేదంటే, దుబారా తగ్గించుకోమనేవాడు. ఆఫీసులో గుమాస్తా కసిరాడంటే, పాపం ఆ మనిషికి ఇంట్లో ఏం బాధలున్నాయో అనేవాడు.

అతను యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎవరో పిలిస్తే వినడానికి వంగినట్టు మెడ కాస్త ముందుకు వాలి ఉంటుంది. మోచేతుల కింద వెంట్రుకలు లేవు. ఆవిరికి ఎప్పుడో రాలిపోయాయి. వేళ్ళ కొసలు మాత్రం నీళ్ళలో నానినవాటిలా ఎప్పుడూ ముడతలు పడి, తెల్లగా, మెత్తగా ఉండేవి. చలికోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని అతను వీధిలోకి వచ్చేసరికి, బావమరిది బస్టాపులో నిలబడి నోటితో చేతుల మీదకు ఊదుకుంటున్నాడు.

ఇద్దరూ పనిచేసేది ఒకేచోట. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. బావమరిదిని ఆ దేశానికి రప్పించింది అతనే. "ఇక్కడ మనిషికి విలువుందిరా, వచ్చెయ్" అని ఫోన్‌లో చెప్పి చెప్పి, కాగితాలు తనే తిప్పి, ఉద్యోగం తనే చూపించాడు. బావమరిది వచ్చి నాలుగేళ్ళు కావస్తోంది. ఆ విలువేమిటో వచ్చినవాడికి ఇంకా కనబడలేదు.

"ఈ రోజు లేబరు ఆఫీసు నుంచి ఎవరో వస్తున్నారట బావా," బస్సులో కూర్చున్నాక అన్నాడు బావమరిది. "ఫ్యాన్ల సంగతి చెప్పేద్దాం."

"ఫ్యాన్లు బాగు చేయిస్తామన్నారుగా."

"ఎప్పుడు? మడతల దగ్గర పిన్ని రెండోసారి పడిపోయాకా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. దిగేటప్పుడు ఎప్పటిలాగే డ్రైవరుకు ధన్యవాదాలు చెప్పాడు. డ్రైవరు వినలేదేమోనని మళ్ళీ చెప్పాడు.

లాండ్రీలో అతని స్థానం ఇస్త్రీ రోలరు ముందు. తడి దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, మడత పడకుండా ఆ వేడి ఇనుప డోళ్ళ మధ్యకు అందించాలి. అవతలి వైపు అది కాగితంలా ఫెళఫెళలాడుతూ బయటికి వస్తుంది. అక్కడ దాన్ని అందుకుని మడతలు పెట్టే ఆవిడను అందరూ పిన్ని అంటారు. బావమరిది ఉతుకుడు యంత్రాల నుంచి తడిబట్టను బండ్లకెత్తి తోసుకొస్తాడు. ఆవిరి పీల్చే రెండు పెద్ద ఫ్యాన్లు గోడ పైభాగాన ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచీ అవి తిరగడం లేదు. బయట చలికి పళ్ళు కొట్టుకుంటుంటే, లోపల మనుషులు ఉడికిపోతున్నారు.

అతనికి ఇల్లరికం అని పేరు పెట్టింది పిన్నే. ఒకసారి ఎవరో ఆ దేశపు చట్టాలను తిడుతుంటే అతను కయ్యానికి దిగాడు. అప్పుడు పిన్ని పకపకా నవ్వింది. "ఇల్లరికం అల్లుడు అత్తగారి కూరలో ఉప్పు లేదంటాడా? లొట్టలేస్తూ తింటాడు. మా అన్నయ్య అంతే!" ఆ రోజు నుంచీ అది అతనికి స్థిరపడిపోయింది. అతనూ నవ్వేవాడు. ఆ పేరు తనకు నచ్చలేదని కూడా ఎవరికీ చెప్పలేదు.

కొత్తగా వచ్చిన రోజుల్లో అతనూ అందరిలాగే గొణిగినవాడే. ఒక సాయంత్రం వానలో బస్సు కోసం చూసీ చూసీ, వచ్చీరాని వాళ్ళ భాషలో, "ఇదేం బస్సండీ, మనిషి ముసలాడైపోయేలా ఉన్నాడు," అన్నాడు పక్కనున్న పెద్దాయనతో. ఆయన కోప్పడలేదు. చిరునవ్వుతో, "నచ్చకపోతే మీ దేశానికి విమానం ఉందిగా," అన్నాడు. తిట్టయితే తిరిగి తిట్టేవాడేమో. ఆ నవ్వును ఏమని తిట్టగలడు? ఆ తరవాత ఏ బస్సు ఎంత ఆలస్యమైనా అతను నోరు మెదపలేదు. కొన్నాళ్ళకు ఆలస్యమే కాలేదని నమ్మడం నేర్చుకున్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని అతను ఎవరి దగ్గరా ఎత్తడు. వాళ్ళకొక ఆడబిడ్డ పుట్టింది. మర్నాడు పొద్దున్న దాకా కూడా ఉండలేదు. అప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని భార్య చెయ్యి పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కన్నవాళ్ళు కాదు, తోడబుట్టినవాళ్ళు కాదు, ఆ పరాయి మనిషి ఏడ్చింది. బిడ్డను ఊరి చివర పచ్చిక కింద పెట్టారు. తన పిల్ల ఉన్న మట్టి అది. దాన్ని ఎవరైనా పాడు దేశం అంటే అతనికి ఊపిరాడేది కాదు.

లేబరు ఆఫీసు మనిషి మధ్యాహ్నానికి ముందు వచ్చింది. చిన్నవయసు. ఆ దేశపు పిల్లే. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళజోడుకు ఆవిరి పట్టేసి ఏమీ కనబడక తడుముకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, సూపర్‌వైజరు అతన్ని పిలిచాడు. భాష బాగా వచ్చినవాడు, మాట తూలనివాడు. ఎవరొచ్చినా మాటలు అటూ ఇటూ చేర్చేది అతనే.

పిన్ని చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "అన్నయ్యా, మొన్న నేను పడిపోయానని చెప్పు. స్పృహ వచ్చేసరికి ఎవరో మొహాన నీళ్ళు కొడుతున్నారని, కాసేపటికే మళ్ళీ మడతలకు నిలబెట్టారని చెప్పు."

అతను ఆ అమ్మాయి వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పాడు. "ఈవిడకు మొన్న కాస్త నలతగా అనిపించిందట. అందరూ సాయం చేశారట."

"ఫ్యాన్లు ఆగిపోయి నెలలైందని చెప్పు బావా," అన్నాడు బావమరిది. "అడిగితే, ఇష్టం లేకపోతే మానేయమన్నారని చెప్పు."

"ఫ్యాన్లు మరమ్మతులో ఉన్నాయట. త్వరలో బాగుచేస్తారట."

ఆ అమ్మాయి రాసుకుంటూ మధ్యలో ఆగింది. తలెత్తి ఫ్యాన్ల వైపు చూసింది. రోలరు ముందు పొగలు కక్కుతున్న దుప్పటి వైపు చూసింది.

"నాకే ఊపిరాడటం లేదు. మీచేత ఇలా పని చేయించుకుంటున్నందుకు ఈ దేశానికి సిగ్గుండాలి. మనకు సిగ్గుండాలి."

వాళ్ళ భాషలో మన, మా అనే తేడా లేదు. రెంటికీ ఒకే మాట. ఆమె ఏది అనుకుని అన్నదో గానీ, అతనికి మాత్రం 'మాకు' అనే వినబడింది.

"అలా అనకండమ్మా," అన్నాడు. "మీది చాలా మంచి దేశం."

మొగుడి చేత దెబ్బలు తిని తలుపు తగిలిందని చెప్పే ఆడదాన్ని చూసినట్టు చూసింది ఆమె. తరవాత సూపర్‌వైజరు వెంట ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర బావమరిది డబ్బా మూత తీయలేదు.

"పడిపోవడం అనే మాట నాకు వచ్చు బావా. వాళ్ళ భాషలో నాకు వచ్చిన మాటలు తక్కువే. అది మాత్రం పిన్ని పడిపోయిన రోజు నేర్చుకున్నాను. నీ నోట్లోంచి ఆ మాట రాలేదు."

అతను ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"నా మాట చేర్చమంటే నీ మాట చేర్చావు."

"గొడవైతే ముందు పోయేది ఎవరి ఉద్యోగం? నీది. నీ కాగితాలు ఈ ఉద్యోగాన్ని పట్టుకుని ఉన్నాయి. అయినా పదిమందిలో మన దేశాన్ని..."

"ఏది బావా మన దేశం? ఆ పిల్ల తన దేశాన్ని తనే తిట్టుకోగలిగింది చూశావా? అదీ మనదంటే. మాట అనడానికి కూడా భయపడేచోటు మనదెట్లా అవుతుంది?"

పిన్ని "ఊరుకో అబ్బాయ్" అంది. బావమరిది గొంతు తగ్గించాడు గానీ ఆగలేదు.

"ఆ పసిదాని సంగతి అక్క చెప్పింది నాకు. ఆ మట్టిని నేనేమీ అనడం లేదు. ఫ్యాన్లు తిప్పమంటున్నాను. అంతే."

పొద్దున్న భార్య అన్నది కూడా ఇంచుమించు ఇదే. అతను తింటున్నది ఆపి డబ్బా మూతపెట్టాడు. బిడ్డ మాట మరొకరి నోట విని ఎన్నేళ్ళయిందో. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. లోపల ఏదో బరువు ఒక పక్కకు ఒరిగినట్టయింది. లేచి నిలబడి, "ఉండు," అన్నాడు.

ఆఫీసు గది దాకా వెళ్తూ దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. ఈవిడ పడిపోయింది. ఫ్యాన్లు తిరగడం లేదు. ఇక్కడ వేడి ఎక్కువ. చిన్న చిన్న మాటలే. పిల్లలు బడిలో నేర్చుకునేవి. తలుపు తట్టాడు. లోపల ఆ అమ్మాయి, సూపర్‌వైజరు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. సూపర్‌వైజరు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను చెప్పానే, ఈయనే. ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. కావాలంటే మీరే అడగండి."

ఆ చెయ్యి బరువుగా లేదు. ఆప్యాయంగానే ఉంది. ఆ దేశంలో తనను అలా తాకినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"చెప్పండి," అంది ఆ అమ్మాయి, కప్పు కింద పెట్టి. "ఏదో చెప్పడానికి వచ్చారు."

"ఫ్యాన్లు..." అన్నాడు.

"ఊఁ, ఫ్యాన్లు?"

గదిలో చల్లగా ఉంది. కిటికీ అవతల వాన సన్నగా పడుతోంది. వానలో బస్టాపు దగ్గర నవ్విన పెద్దాయన ఎప్పుడో చచ్చిపోయి ఉంటాడు.

"ఫ్యాన్లు బాగు చేయిస్తామన్నారు. మంచివాళ్ళు. అది చెబుదామనే వచ్చాను."

వెనక్కి వచ్చేటప్పుడు బావమరిది ఎదురుగా నిలబడి ఉన్నాడు. బావ మొహం ఒకసారి చూశాడు. బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

భోజనాల తరవాత హోటలు దుప్పట్లు వచ్చాయి. పెద్దవి, బరువైనవి. కొన్నింటిని అతను బాగానే అందించాడు. ఆ తరవాత ఒకటి వంకరగా వెళ్ళింది. అవతల పిన్ని దాన్ని అందుకుని ఆశ్చర్యపోయింది. ఇల్లరికం చేతి దుప్పటి వంకరగా రావడం ఆవిడ చూడలేదు. "ఏంటన్నయ్యా, నిద్రొస్తోందా?" అని అరిచింది. యంత్రాల హోరులో జవాబు వినబడలేదు. మరొకటి వచ్చింది, అదీ వంకరే. ఆ తరవాత ఏమీ రాలేదు.

పిన్ని ఇటువైపు వచ్చి చూసేసరికి అతను బట్టల బండికి వీపు ఆనించి కింద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పిలిస్తే వింటున్నట్టు మెడ వంచి. అలసిపోయి కూర్చున్నాడనుకుంది. మంచినీళ్ళు తెచ్చి చేతికివ్వబోయింది. చెయ్యి అందుకోలేదు.

ఆవిడ కేకకు బావమరిది పరుగెత్తుకొచ్చాడు. ఎత్తి, చొక్కా గుండీలు ఊడదీసి, "బావా, బావా" అని చెంపలు తట్టాడు. మొహం ఎర్రగా ఉంది. చర్మం మీద చెమట బొట్టు లేదు. ఆంబులెన్సు వాళ్ళు ఊపిరి తెప్పించడానికి చాలాసేపే ప్రయత్నించారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు.

లేబరు ఆఫీసు అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి మాట చేర్చడానికి ఎవరూ లేరు. బావమరిది ఆమె దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని భాషలో, క్రియలు తప్పుతూ చెప్పాడు. "ఈవిడ మొన్న పడిపోయింది. ఆయన ఇవాళ పడిపోయాడు. ఫ్యాను లేదు. వేడి." చేత్తో ఫ్యాన్ల వైపు చూపించాడు. మాటలు అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆమె ఏడుస్తూనే రాసుకుంది.

ఊరి చివర, బిడ్డ పక్కనే చోటు దొరికింది. సూపర్‌వైజరు నల్లకోటు వేసుకుని వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ఫిర్యాదు చేయలేదని అక్కడా అన్నాడు. అదేదో గొప్ప మాటని సూపర్‌వైజరుకు నిజంగానే అనిపించింది. అక్కకు ఆ మాట తర్జుమా చేసి చెప్పబోయి బావమరిది ఆగిపోయాడు. "నాకు అర్థమైందిరా," అంది ఆమె. "అనాల్సినవన్నీ నేను ఆయన్నే అన్నాను ఇన్నాళ్ళూ. ఆయన ఎవర్నీ అనలేదు."

పైవారం ఫ్యాన్లు తిరిగాయి. రోలరు దగ్గర బావమరిదిని నిలబెట్టారు. అక్కడ నేల మీద ఇనుప పలక ఉంది. దాని కిందుగానే ఆవిరి గొట్టం పోతుంది. కాసేపటికే అతని అరికాళ్ళు చురచురలాడాయి. ఒక కాలి మీదా, ఇంకో కాలి మీదా మారి మారి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు బావ కదలకుండా ఎలా నిలబడ్డాడో అతనికి అర్థం కాలేదు.

పనయ్యాక యంత్రం కింద ఊడుస్తుంటే, ఆ రోజు ఆంబులెన్సు వాళ్ళు విప్పి పక్కకు నెట్టిన బావ బూట్లు చీపురుకు తగిలాయి. అతను బయటికి లాగి, ఒకదాంట్లో చెయ్యి పెట్టి చూశాడు. లోపల పాత కంబళి ముక్కలు పాదం ఆకారానికి కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అట్టడుగుది మాడి నల్లగా పెళుసెక్కింది. దాని పైదీ అంతే. అన్నిటికన్నా పైదాని అంచులు మాత్రం ఇంకా నలగలేదు. కత్తెర పడిన చోట కంబళి పోగులు మెత్తగా, నిటారుగా నిలబడే ఉన్నాయి.