డోరిన్ హెల్మెట్ మూగబోయిన వారం

పొద్దున్న ఆరున్నరకి గార్నెట్ వాసిలిక్ బయటికి వెళ్ళి, ట్రక్కు ఇంజను వెచ్చబెట్టే కరెంటు తీగ ఊడదీసి, బండి స్టార్ట్ చేసి వదిలేసి లోపలికి వచ్చేవాడు. బూట్లకంటిన మంచు దులుపుకుని, కాఫీ కాచి, పెళ్ళాం హెల్మెట్ నెత్తిన పెట్టుకుని గుడ్లు వేయించేవాడు. పది నెలలుగా ఇదే వరస.

"మోకాళ్ళు వంచు," అనేది హెల్మెట్.

గార్నెట్ వంచేవాడు. నిజం చెప్పాలంటే నడుముకి కూడా హాయిగానే ఉండేది.

"పక్ మీంచి చూపు తిప్పకు."

"తిప్పట్లేదే," అంటూ, ఆ నల్ల రబ్బరు బిళ్ళేదో పెనంలోనే ఉన్నట్టు గుడ్డుకేసి చూసేవాడు.

కిటికీ పక్క కుర్చీలో డోరిన్ కూర్చుని ఉండేది. హెల్మెట్‌లోంచి వచ్చే గొంతు ఆవిడదే. పోయిన మార్చిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం, మాట మొత్తం పోయాయి. చెయ్యి కొంత తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. అన్నీ అర్థమవుతాయి. మాట ఒక్కటే రాలేదు.

ఏళ్ళ తరబడి చెమట ఇంకిన ఐస్ హాకీ సామాను మాట్లాడుతుందని మా ఎల్డన్‌వేల్‌లో పసిపిల్లకి కూడా తెలుసు. అందుకే సెప్టెంబరులో పాత సామాను సంత పెడితే, చిరుగులు పడ్డ గ్లవ్స్ ముందు అమ్ముడుపోతాయి, కవరు విప్పని కొత్తవి బల్ల మీదే మిగిలిపోతాయి. కొత్తది ఎంత మెరిసినా మూగదేగా. మోచేతి తొడుగులు ఒకటి రెండు ముక్కలకి మించి అనవు. స్కేట్లు అసలు మాట్లాడవు, వారం వారం సాన పెట్టించుకుని అన్నీ మర్చిపోతాయి. హెల్మెట్ మాత్రం వాగుడుకాయ. నెత్తిన పెట్టుకున్నవాళ్ళకి బాగా, గదిలో ఉన్నవాళ్ళకి కొంచెం వినిపిస్తుంది. ఏం మాట్లాడినా ఆట గురించే, ఇంకో సంగతి ఎత్తదు.

డోరిన్ ఆ హెల్మెట్ పెట్టుకుని ఇరవైయారు శీతాకాలాలు మా ఆడవాళ్ళ జట్టుకి గోల్ కాసింది. గార్నెట్ జన్మలో హాకీ ఆడలేదు. అతనిది కర్లింగ్, అదే, మంచు మీద రాయి జార్చి దాని ముందు చీపుళ్ళతో ఊడ్చే ఆట. చీపురు ఎన్నేళ్ళు పట్టినా మాట్లాడదు. ఈ విషయమై అతన్ని ఏడిపించని మగాడు ఊళ్ళో లేడు.

అలాంటివాడు ఇప్పుడు హెల్మెట్ చెప్పిందే వేదం అన్నట్టు బతుకుతున్నాడు. ఇంటి కప్పు ఇప్పుడు బాగుచేయించాలా అని అడిగితే, "నువ్వు ముందు కదలకు, అవతలివాణ్ణి కదలనీ," అంది. కదలకుండా కూర్చున్నాడు. నవంబరులో కప్పు కారి సోఫా తడిసింది. అయినా అతని నమ్మకం చెక్కుచెదరలేదు.

సాస్కటూన్ పట్నంలో మాట నేర్పే డాక్టరమ్మ మాత్రం వేరే చెప్పింది. "మాటలు ఆవిడ లోపలే ఉన్నాయి. బయటికి తియ్యాల్సిన అవసరం పడాలి. ఆవిడ బదులు మీరు మాట్లాడెయ్యకండి. మొదటి ఏడాదిలో వచ్చేదే ఎక్కువ, ఆ తర్వాత కష్టం." గార్నెట్ బుద్ధిగా తలూపి, ఆవిడిచ్చిన బొమ్మల కార్డులు వంటింటి సొరుగులో పడేశాడు. ఏడాది నిండటానికి ఇక రెండు నెలలే ఉంది. ఆ సంగతి తలుచుకుంటే అతనికి గుండె జారిపోయేది. జారినప్పుడల్లా హెల్మెట్ పెట్టుకునేవాడు. డోరిన్ గొంతు వినపడేది, ప్రాణం కుదుటపడేది.

గురువారం గురువారం కైరా వచ్చేది. డోరిన్ చోట గోల్ కాస్తున్న ఇరవైరెండేళ్ళ పిల్ల. వస్తూనే గార్నెట్ చేసిన హొలుబ్చీలు, అంటే క్యాబేజీ ఆకులో చుట్టిన అన్నం ముద్దలు, నాలుగు లాగించి, హెల్మెట్ పెట్టుకుని అరగంట పాఠం చెప్పించుకునేది.

"ఎడమ భుజం మీదుగా కొడుతున్నారు డోరిన్, ఏం చెయ్యను?"

"గ్లవ్ దించకు. తెరిచి ఎత్తి పట్టుకో," అనేది హెల్మెట్.

"థాంక్స్ డోరిన్," అని హెల్మెట్‌ని తట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. మంచిపిల్లే. కుర్చీలో ఉన్న మనిషి వైపు చెయ్యి ఊపడం కూడా మర్చిపోయేది కాదు.

జనవరి రెండో వారంలో ఒక బుధవారం పొద్దున్న హెల్మెట్ పలకలేదు.

గార్నెట్ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. గుడ్డు మాడింది. లోపలి మెత్త దగ్గర ముక్కు పెట్టి చూస్తే నిమ్మకాయ వాసన. అంట్లు తోమే సబ్బు వాసన.

మా ఊళ్ళో హాకీ సామాను ఎంత కంపు కొట్టినా ఉతకరు. మైనస్ ముప్పై చలిలో తీగ మీద ఆరేసి కంపుని గడ్డకట్టిస్తారు గానీ సబ్బు తగలనివ్వరు. ఎప్పుడో పెళ్ళైన కొత్తల్లో మొగుడి సామాను మెషిన్లో వేసిన పాపానికి ఒకావిడ ఇప్పటికీ సబ్బు షిర్లీయే. ఆవిడకి మనవలు కూడా పుట్టారు.

ఇంటికి సబ్బు పట్టుకొచ్చే మనిషి ఒకతే, గార్నెట్ అక్క బెర్నీస్. మంగళవారాలు అతను కర్లింగ్‌కి వెళ్ళినప్పుడు వచ్చి ఇల్లు తుడిచి పోతుంది. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, హెల్మెట్ కడిగావా?"

"ఆ కంపుదాన్నా? నీ బాత్రూమ్ కడుగుతాన్రా, నీ ఫ్రిజ్ కడుగుతాను. దాన్ని మాత్రం పటకారుతో కూడా ముట్టను."

"మరి నిమ్మకాయ వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంట్లోకి దయ్యం వచ్చి కడిగిందా?"

"నాన్న పళ్ళసెట్టు నేనే పారేశానని ఎన్నాళ్ళు సాధించావురా నువ్వు? చివరికి ఎక్కడ దొరికింది? నీ కోటు జేబులో."

"అది వేరు."

"ఏం వేరు కాదు. నీ ఇల్లు నువ్వే ఊడ్చుకో. చీపురు పట్టడం బాగానే వచ్చుగా," అని పెట్టేసింది.

గార్నెట్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళాం గొంతు మళ్ళీ వినలేనేమో అన్న భయం అప్పుడు పట్టుకుంది అతన్ని. ఆసుపత్రిలో కూడా అంత భయపడలేదు. డోరిన్ కిటికీలోంచి వీధిలో మంచు తోస్తున్న బండిని చూస్తూ ఉంది.

మర్నాడు కైరా వచ్చి సంగతి విని కుర్చీలో కూలబడింది. శనివారం పక్క ఊరితో పోటీ, గెలిస్తేనే లీగ్‌లో మిగులుతారు.

"ఇప్పుడు నాకెవరు చెప్తారు గార్నెట్ గారూ?"

"నాకూ అదే తెలీట్లేదమ్మా," అన్నాడు గార్నెట్.

అడిగిన మనిషికీ డోరిన్‌కీ మధ్య రెండు అడుగుల దూరం ఉంది.

కాసేపటికి కైరాయే ఉపాయం చెప్పింది. "మా తాత గ్లవ్స్ చెరువులో పడి మూగబోయాయి. ఆయన మళ్ళీ వేసుకుని గట్టిగా చెమట పట్టిస్తే తిరిగి మాట్లాడాయి. డోరిన్‌కి ఒకసారి సామానంతా తొడిగి, గోల్‌లో కుర్చీ వేసి కూర్చోబెడదాం. నేను మెల్లగా పక్‌లు జారుస్తాను. ఆ బరువుకే చెమట పడుతుంది."

గార్నెట్ మొహం వెలిగింది. డోరిన్ వైపు తిరిగి, "రేపు వెళ్తున్నాం," అని చెప్పాడు. అడగలేదు, చెప్పాడు. డోరిన్ ఎడమ భుజం ఒక్కటే ఎగరేసింది.

శుక్రవారం మధ్యాహ్నం హాకీ మంచు మైదానం ఖాళీగా ఉంది. కైరా మంచు మీద కుర్చీ సర్దుతోంది. బట్టలు మార్చుకునే గదిలో డోరిన్‌ని బల్ల మీద కూర్చోబెట్టి, గార్నెట్ సంచీ విప్పాడు. ఇరవైయారేళ్ళు ఆవిడ ఈ గదిలో ముస్తాబవుతుంటే అతను గోడకవతల రాళ్ళు జారుస్తూ ఉండేవాడు. ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు.

ముందు స్కేట్లు తొడిగాడు. లేసులు పళ్ళు బిగబట్టి లాగి, రెండేసి ముళ్ళు వేశాడు. తన పనికి తనే మెచ్చుకుంటూ లేచాడు. తర్వాత ప్యాంటు తీశాడు. గోల్‌కీపర్ ప్యాంటు అంటే సోఫా దిండుకి కాళ్ళు కుట్టినట్టుంటుంది. స్కేట్ అంచు మీదుగా ఎక్కించబోతే లోపలి గుడ్డకి చిక్కుకుంది. లాగాడు. ఇంకా చిక్కుకుంది. అటు తిప్పి లాగాడు. డోరిన్ కర్రతో నేల మీద కొట్టింది.

"ఉండు డోరిన్, వస్తోంది."

రాలేదు. డోరిన్ మళ్ళీ కొట్టింది. స్కేట్ వైపు చూపించింది, ప్యాంటు వైపు చూపించింది, తల అడ్డంగా ఊపింది.

"నొప్పిగా ఉందా? కుట్టు విప్పేద్దామా? కత్తెర ఉంది," అంటూ సంచీలో వెతికాడు. వెతుకుతుంటే చేతికి హెల్మెట్ తగిలింది. పది నెలల అలవాటు. నెత్తిన పెట్టేసుకుని, కళ్ళు మూసుకుని, మోకాళ్ళు వంచి, ఏమైనా చెబుతుందేమోనని నిలబడ్డాడు.

డోరిన్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఒక పక్కకి వంకర పోయాయి.

"ప్యా," అని వినబడింది. తర్వాత, "ప్యాంటు. ముందు."

గార్నెట్ కళ్ళు తెరవలేదు.

"స్కేట్లు. తర్వాత. మొద్దూ."

"కైరా," అని కేక పెట్టాడు గార్నెట్, "పలికింది. హెల్మెట్ పలికింది."

ఎడమ చేత్తో డోరిన్ కర్ర ఎత్తి హెల్మెట్ మీద ఠంగున ఒకటి ఇచ్చింది.

"నేను," అంది.

అతను కళ్ళు తెరిచాడు. గొంతు బొంగురుగా, మొరటుగా ఉంది, హెల్మెట్ గొంతులా లేదు. ఆవిడ నోరు కదులుతోంది. "నేను," అని మళ్ళీ అంది, ఈసారి ఇంకొంచెం తేటగా. తర్వాతి మాట కోసం చాలాసేపు లోపల ఎక్కడెక్కడో వెతుక్కుంది. గోడకవతల ఎవరో జార్చిన కర్లింగ్ రాయి చివరిదాకా వెళ్ళి ఆగింది.

"నేనే. కడిగా."

గార్నెట్ హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. "ఎందుకు డోరిన్?"

"నువ్వు. దాన్ని. అడుగుతావు." ఊపిరి తీసుకుంది. "నన్ను. అడగవు."

గార్నెట్ రబ్బరు నేల మీద చతికిలబడి ఏడ్చాడు. ఆనందంతో ఎంత, సిగ్గుతో ఎంత అని అడిగితే అతనే చెప్పలేడు. పది నెలలు ఈ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ మనిషి గొంతుతోనే కాపురం చేశాడు. డోరిన్ కూడా ఏడ్చింది, కానీ తక్కువ. ఆవిడకి కోపం ఇంకా పోలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగాడు మొహం తుడుచుకుంటూ.

"విప్పు," అంది కాళ్ళకేసి చూసి.

అతను వేసిన ముళ్ళు అతనికే ఊడి రాలేదు. పళ్ళతో పట్టి లాగుతుండగా కైరా గుమ్మంలోకి వచ్చింది. కేక విని వచ్చిన పిల్ల ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలీదు. నేల మీదున్న హెల్మెట్‌ని దాటుకుంటూ వచ్చి డోరిన్ పక్కన బల్ల మీద కూర్చుంది.

"డోరిన్, రేపు వాళ్ళ పొడుగుపిల్ల ఒక్కతే నా మీదికి దూసుకొస్తే నేనేం చెయ్యను?"

డోరిన్ ఆలోచించింది. జవాబు ఆవిడకి తెలుసు, ఇరవైయారేళ్ళుగా తెలుసు. దాన్ని నోటి దాకా తేవడమే పని. గార్నెట్ లేసు వదిలేసి తలెత్తి చూశాడు.

"ముందుకు," అంది డోరిన్.

రెండో మాట కోసం ముగ్గురూ అలాగే కూర్చున్నారు.