బయటి వైపు మచ్చ

చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా ఆమెకిది పంతొమ్మిదో ఏడు. కొత్త నర్సులకు మొదటి పాఠం ఆమే చెబుతుంది. మనిషిని నిలబెట్టాలి, అరచేతులు ముందుకు తిప్పించాలి, ఆ తర్వాతే లోపలి వైపు, బయటి వైపు అని రాయాలి. అలా నిలబడితే బొటనవేలి వైపు బయటిది, చిటికెనవేలి వైపు లోపలిది.

జూన్‌లో ఆమె అక్క వచ్చింది. కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ పెరుగుతోందంది. సొంత మనిషే కదా అని చెల్లెలు నిలబెట్టలేదు. అక్క బల్ల మీద చెయ్యి బోర్లా పెట్టి, మీ బావ గురకకు పక్కింటివాళ్లు కూడా లేస్తున్నారని చెబుతూ కూర్చుంది. మచ్చ చిటికెనవేలి వైపు ఉంది. బోర్లా పెట్టిన చేతికి అది బయటి వైపే. చెల్లెలు నవ్వుతూ డాక్టరుకిచ్చే చీటీలో అదే రాసింది.

డాక్టరు చీటీ ప్రకారం బొటనవేలి వైపు వెతికాడు. అక్కడా ఒక మచ్చ ఉంది. ఇదేనా అని అడిగాడు. మా చెల్లెలు రాసిందేనండి అంది అక్క. కోసి పరీక్షకు పంపారు. భయం లేదని రిపోర్టు వచ్చింది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం అక్క గిన్నెలు తోముతుంటే చెల్లెలు తుడుస్తోంది. నురగ జారాక మచ్చ కనబడింది. అంచులు వంకరపోయాయి. చొక్కా బొత్తామంత అయింది.

"అక్కా, వాళ్లు కోసింది ఇది కాదుగా."

"కాదు, అటుపక్కది."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వు రాసిచ్చావు. నీకు తెలియనిది నాకు తెలుసా? ఏం, ఇదీ తీయాలా?"

అవును, ఇదీ తీయించేద్దాం అంటే సరిపోయేది. అక్క మారుమాట లేకుండా వచ్చేది. చెల్లెలు చేతిలోని పళ్లేన్ని రెండుసార్లు తుడిచింది.

"తీయాల్సింది ఇదే. నేనే తప్పు రాశాను."

అక్క కుళాయి కట్టేసింది. ఎన్నాళ్లయిందని అడిగింది. తొంభై నాలుగు రోజులంది చెల్లెలు. ఈలోపు ముదిరి ఉంటుందా అని అడిగింది. తెలియదంది.

"రేపు చీటీ ఇంకెవరి చేతనైనా రాయించు," అంది అక్క, చెయ్యి కొంగులోకి తీసుకుంటూ.

చెల్లెలు అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసింది. ముందు తప్పు తనదని చెప్పింది. పేషెంటు ఎవరో ఆ తర్వాత చెప్పింది.