సైదమ్మ పెట్టిన ఎర్రచుక్క

ఎల్బీనగర్ చౌరస్తాలో కొరియర్ ఆఫీసు షట్టరు దించి ఉంది. సైదమ్మ నెత్తిమీది బొంతల మూట కింద పెట్టి షట్టరును దబదబా బాదింది. పక్కనున్న వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే, "ఎందుకమ్మా గట్ల కొడ్తవ్? సమ్మె అయిపోయినంక రా, పో," అన్నాడు.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు. సరూర్‌నగర్ నుంచి రావడానికి ఆటోవాడు ఎనభై అడిగితే నడిచే వచ్చింది మహాతల్లి. మళ్ళీ మూట ఎత్తుకుంది. ఊరేగింపు ఎదురైతే పక్కకు జరిగి, తనూ ఒక చెయ్యెత్తి జై కొట్టింది. రాష్ట్రం రావాలని ఆమెకూ ఉంది. అలాగని కుట్టిన బొంతలు ఇంట్లోనే కూర్చుంటే పొయ్యి మీద ఏం పెడుతుంది?

ఆమెకు ఎవరున్నారు గనక! మొగుడు భీవండి మరమగ్గాల్లో పనికని పోయి మూడేళ్ళు, పత్తా లేడు. పిల్లల్లేరు. నల్లగొండ దగ్గర ఊళ్ళో అన్నదమ్ములకు ఈమె ఫోను చేస్తేనే ఈమె ఉన్నట్టు. రోజంతా మిషను తొక్కుకుంటూ కూర్చునే మనిషికి ఇంకో మనిషి గొంతు వినబడేది దిల్‌సుఖ్‌నగర్‌లో వేదవతి ఇంటికి పోయినప్పుడే.

వేదవతి వాళ్ళది ఏలూరు వైపు. భర్తది బ్యాంకు ఉద్యోగం. జాకెట్లు కుట్టడానికి పిలిచి, సైదమ్మ పాతచీరలతో కుట్టిన బొంత చూసి ముచ్చటపడి, కంప్యూటర్లో వేలం పెట్టించింది ఆవిడే. ఇంటింటికీ తిరిగితే రెండొందలు ఇవ్వడానికి ఏడ్చేవాళ్ళు. ఆ వేలం వెబ్‌సైట్లో ఆరొందలకు తక్కువ పోలేదు. సైదమ్మ చెబుతుంది, వేదవతి టైపు కొడుతుంది. మధ్యలో టీ, కబుర్లు. నిజం చెప్పాలంటే సైదమ్మ ఆ కబుర్ల కోసమే వచ్చేది.

అక్కడ అమ్మినవాళ్ళకు కొన్నవాళ్ళూ, కొన్నవాళ్ళకు అమ్మినవాళ్ళూ చుక్కలు పెడతారు. మంచికి పచ్చ, చెడుకు ఎరుపు. కొత్తవాళ్ళను చేర్పిస్తే పాయింట్లిస్తారు. సైదమ్మ తన గల్లీలో ఇంటింటికీ పోయి బతిమాలి చేర్పించింది. పాయింట్లన్నీ వేదవతి పేరున పడ్డాయి, కంప్యూటరు ఆవిడది కాబట్టి! వాటికి మిక్సీ వచ్చింది. ఆ మిక్సీలో రుబ్బిన కొబ్బరి పచ్చడి తిని సంబరపడి వచ్చింది సైదమ్మ. ఏమనాలి ఈ మనిషిని?

పోయిన నెల ఆమె అదే వేలంలో కుట్టుమిషను మోటారు కొంది. పద్దెనిమిది వందలు ముందే కట్టింది. వచ్చింది కాలిపోయిన పాత మోటారు, పైన కొత్త రంగు. "ఉన్నదున్నట్టు రాయక్కా," అంది. వేదవతి రాసి ఎర్రచుక్క పెట్టింది. మర్నాడే ఆ అమ్మినవాడు తిరిగి ఈమెకో ఎర్రచుక్క కొట్టాడు: 'డబ్బు ఎగ్గొట్టే మనిషి, జాగ్రత్త!' సమ్మెలో పార్సిల్ ఆలస్యమైనందుకు ఎవరో పెట్టిన ఎర్రచుక్క అప్పటికే ఒకటుంది. రెండు చుక్కలతో నెల గడిస్తే ఖాతా మూసేస్తారట. ఎవరిది నిజమో అడిగేవాడు ఒక్కడూ లేడక్కడ.

మూట మోసుకుంటూ వచ్చిన సైదమ్మకు వేదవతి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"మంచి కబురు సైదమ్మా! ఆ మోటారు వాడు దిగొచ్చాడు. నీ చుక్క నువ్వు తీసేస్తే వాడిది వాడు తీసేస్తాడట. ఒప్పుకున్నామని నొక్కితే చాలు, పీడా పోతుంది."

"మరి నా పైసలక్కా?"

"పోయాయనుకో. నీ పేరు నిలబడుతుంది కదా."

సైదమ్మకు గుండె తేలికైంది. నొక్కెయ్యమనే అనబోయింది. ఇంతలో తెర మీద ఇంగ్లీషులో ఇంకేదో రాసి ఉన్నట్టు కనబడితే, అదేందని అడిగింది.

"ఎవరో చీరాల ఆవిడలే, హనుమాయమ్మట," అంటూ వేదవతి గబగబా తెలుగులో చదివేసింది: "అమ్మా, అతని దగ్గరే అలాంటి మోటారు నేనూ కొనబోయాను. మీరు రాసింది పక్కింటి పిల్ల చదివి చెబితే ఆగిపోయాను. ఒక్కదాన్నే కుట్టుకు బతుకుతున్నాను. నా డబ్బు దక్కించారు. మీరు చల్లగా ఉండాలి."

"మల్లొక్కసారి సదువక్కా."

వేదవతి మళ్ళీ చదివింది. సైదమ్మకు ఏడుపు ఆగలేదు. ఎక్కడో చీరాలలో, తనలాగే ఒంటరిగా మిషను తొక్కే మనిషి తన మాట విన్నది! సొంత అన్నదమ్ములు వినని మాట.

"నా చుక్క తియ్యనక్కా," అంది కళ్ళు తుడుచుకుని.

"పిచ్చా నీకు? ఖాతా పోతే బొంతలు ఎవరికి అమ్ముతావు? నిన్ను చేర్చింది నేను. నువ్వు పోతే నీ వెనక చేరినవాళ్ళ పాయింట్లు కూడా నాకు కోసేస్తారు, తెలుసా?"

"గా పాయింట్లు నాకెర్కలేదు. ఇది తీసేస్తే ఇంకో ఆడామె కొంటది గదా వాని దగ్గర గసుంటి మోటారు?"

"ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం నా మాట కాదంటావా?" వేదవతి కిటికీ రెక్క దగ్గరకు లాగింది. "బయట ఆ నినాదాలు వింటూ భయపడి చస్తున్నాం. రేపు మమ్మల్ని ఉండనిస్తారో పొమ్మంటారో తెలీదు. ఇక్కడ నాకూ నువ్వు తప్ప ఎవరున్నారే!"

"నిన్నెవలు పొమ్మంటరక్కా? నేను అడ్డం పడుకుంట. ఇదొక్కటి అడగకు."

"నువ్వుండు, నేనే నొక్కేస్తా." వేదవతి మౌసు మీద చెయ్యి వేసింది.

సైదమ్మ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు పెట్టింది. ఇన్నాళ్ళలో ఆమె మౌసు ముట్టింది లేదు. బాణం గుర్తు తెర మీద ఎటెటో పారిపోయింది. "ఒద్దనేది ఏదక్కా?" అంది. వేదవతి మొహం తిప్పుకుంది. ఎన్, ఓ. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, ఆపాటి రాదా? వెతికి వెతికి దాని మీదకు బాణం తెచ్చి నొక్కింది.

వేదవతి లేచి లోపలి గదిలోకి పోయింది. గడియ పడింది.

సైదమ్మకు కంప్యూటరు ఎలా ఆపాలో తెలియదు. అలాగే వదిలేసి పోతే పాపం ఆవిడకు కరెంటు దండగ అవుతుందని కూర్చునే ఉంది.

"అక్కా, దీన్ని ఎట్ల ఆపాలె?" అని పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది.