‘లేదు’ కింద నాన్న

ఆఫీసులో ఆమెకు సర్దుళ్లమ్మ అని పేరు. ఎంత చిక్కుబడ్డ సమాచారాన్నైనా వెబ్ పేజీలో పొందికగా పేర్చిపెడుతుంది. పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో ఏ పిల్లను ఎవరు తీసుకెళ్లొచ్చో చూపే వివరాలైతే పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె. ఏది దేని లోపలిదో తెలియాలని లోపలికి పోయేకొద్దీ ఒక్కో వరసనూ కాస్త కుడికి జరిపి చూపించేది. గేటు దగ్గరి చిన్న ఫోన్లో వరసలు అంచు దాటిపోతున్నాయని కేంద్రం వాళ్లు సణిగారు. దాంతో ఈ పొద్దున ఆ ఖాళీలన్నీ పీకేసి, వరసలన్నిటినీ ఎడమ అంచుకు నెట్టేసింది. పేజీ ముచ్చటగా కనిపించింది. పైన పటారం, లోన లొటారం అని అప్పుడు తోచలేదు మహాతల్లికి.

నాలుగున్నరకు పిల్లల్ని ఇళ్లకు పంపుతారు. నాలుగు దాటాక, ఒకసారి సరిచూద్దామని అక్క కూతురు పిచ్చుక వివరాలు తెరిచింది. ఒకదాని కింద ఒకటి ఇలా ఉన్నాయి:

అనుమతి
ఉంది
అమ్మ
అమ్మమ్మ
ఫోను
లేదు
నాన్న

‘ఫోను’ అమ్మమ్మ నంబరుండే చోటు. ఆ ‘లేదు’ అనుమతి లేనివాళ్ల పెట్టె. నాన్న దాని లోపలివాడు. ఖాళీలు పోయేసరికి అమ్మమ్మకు ఫోను లేదనీ, నాన్న కూడా పిల్లను తీసుకెళ్లొచ్చనీ చదువుకునేలా తయారైంది. కిందటేడు బావ చెప్పాపెట్టకుండా పిచ్చుకను తీసుకుపోయి పదకొండు రోజులు ఎవరికీ చిక్కలేదు. ఆ పదకొండు రోజుల్లో అక్క సగమైపోయింది. అప్పుడే కోర్టు అతన్ని పిల్ల ఛాయలకు రావద్దంది.

కేంద్రానికి ఫోన్ చేస్తే ఎంగేజ్. రెండుసార్లు తప్పు కొట్టి, ఎలాగో ఖాళీలు తిరిగి పెట్టింది. కానీ గేటు ఫోన్లో ముందే తెరిచి ఉన్న పేజీ, మళ్లీ తెరిస్తే గానీ మారదు. బ్యాగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. రెండు వీధులే. దేవుడా, బావ ఈరోజు రాకుండా చూడు, అని దారంతా అదే మాట.

గేటు దగ్గర ఆయా తాపీగా చెప్పింది. “వాళ్ల నాన్న వచ్చాడమ్మా, ఇప్పుడే. పేరుంది కదా అని పంపించాను.”

రోడ్డు అవతల టాక్సీ తలుపు తెరిచి ఉంది. బావ చంకలో పిచ్చుక.

అరిస్తే ఎక్కేస్తాడు. పట్టుకుంటే విదిలించుకుపోతాడు. ఏడుపొచ్చేంత భయం వేసింది ఆమెకు. “ఒక కలం తీసి పట్టుకో” అని ఆయాతో చెప్పి, మెల్లగా రోడ్డు దాటింది.

ఆమెను చూసి బావ బెదరలేదు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

“నా పేరు కూడా పెట్టారటగా. మీ అక్క మనసు మారిందా?”

“మారింది బావా. లోపల ఒక సంతకం పెట్టాలట, అంతే. ఇక రోజూ మీరే రావొచ్చు.”

అబద్ధం ఆమె నోట తడబడకుండా వచ్చింది. అతను టాక్సీని ఆగమని, పిల్లకు ముద్దు పెడుతూ వెనక్కి నడిచాడు. గేటు దగ్గర ఆయా కలం చాపింది. అది అందుకోవడానికి పిచ్చుకను తనంతట తానే మరదలి చేతుల్లో పెట్టాడు. ఆమె లోపలికి అడుగేసి గడియ పెట్టింది.

అతను గడియ సంగతి గమనించలేదు. కలం మూత తీసి, కమ్మీల అవతల నిలబడి అడిగాడు.

“సంతకం ఎక్కడ పెట్టాలి?”