మనిషి వాసన

మెడకు గుర్తుగా ఆకుపచ్చ ఊలు కట్టిన పిల్ల ఏడుపు ఆపేసింది. బాగుపడి ఆపలేదు. ఆ తేడా ఈ నాలుగు రోజుల్లో చిన్నమ్మకు బాగా తెలిసొచ్చింది. ముందు గంటలకొద్దీ సన్నగా ఒకటే ఏడుపు. తరవాత పాలు ముట్టకపోవడం. తరవాత ఒళ్లు మంచుముద్ద కావడం. ఆ పైన ఈ నిశ్శబ్దం.

అరచేతిలో ఇమిడే కుక్కపిల్ల. పుట్టి పన్నెండు రోజులు. కళ్లు కూడా పూర్తిగా విడలేదు. చిన్నమ్మ దాన్ని గుండెకు ఆనించుకుని, శాలువా చుట్టి, వేలితో వీపు రుద్దుతూనే ఉంది.

"పోయిందా?" గుమ్మంలోంచి వదిన అడిగింది.

"ఇంకా లేదు."

"ఎర్రది పోయింది, నీలంది పోయింది, పసుపుది పోయింది. ఇదీ పోతుంది. వదిలెయ్ పిల్లా. నీ చెయ్యి కూడా అరిగిపోతుంది."

చిన్నమ్మ వదల్లేదు. మరో పావుగంటకు పిల్లే ఆమెను వదిలేసింది.

పెట్టెలో పడుకున్న తల్లికుక్క మిరియం తలెత్తి చూసింది. లేవలేదు. పొద్దున ఈ పిల్లను ముక్కుతో తోసి మూలకు చేర్చింది కూడా అదే. నాలుగు పిల్లల్నీ అలాగే తోసింది. ఇప్పుడు దాని కడుపు దగ్గర మిగిలింది ఒక్కటే, తెల్ల ఊలుది.

"చూశావుగా నీ కళ్లతోనే," అంది వదిన. "కన్నపిల్లల్ని తోసి చంపే తల్లి నా షెడ్డులో ఒక్క పూట ఉండటానికి వీల్లేదు. కత్తెరాయనకు ఫోన్ చేశాను. నాలుగింటికి వచ్చి తీసుకుపోయి వేరే ఇల్లు చూస్తాడు."

"వదినా, డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదు. పసుపుదాన్ని కోసి చూస్తానన్నాడు కదా."

"ఆయన కోసేది పిల్లను. తల్లి బుద్ధి కోస్తే బయటపడదు."

ఆ మాటన్నాక వదినతో వాదించి గెలిచినవాళ్లు లేరు. చిన్నమ్మ అన్నయ్యే గెలవలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఆరు గదులు, నల్లగా, గరుకు బొచ్చుతో, పొట్టి కాళ్లతో ఉండే టెర్రియర్లు ఆయన వదిలివెళ్లిన ఆస్తి. మిరియం, బొగ్గు, మసి అని రంగు చూసి పేర్లు పెట్టే అలవాటూ ఆయనదే. ఆ తరవాత వదినా ఆడపడుచులు ఇద్దరే కెన్నెల్ నడుపుకొస్తున్నారు. వదిన ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికి చిన్నమ్మ రెండు జడల పిల్ల. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా వదినకు ఇంకా 'పిల్లా'నే.

వదిన పెట్టిన నియమాలు షెడ్డు రేకుల కంటే గట్టివి. కుక్క చూలుతో ఉన్న చివరి మూడు వారాలు, ఈనిన తరవాత మూడు వారాలు బయటి కుక్క నీడ కూడా లోపల పడకూడదు. గేటు దగ్గర చెప్పులు మార్చాలి, చేతులు సబ్బుతో కడగాలి. అన్నిటికంటే కష్టమైన నియమం మరొకటి. ఏడేళ్లు దాటిన తల్లికుక్కను మంచి ఇల్లు చూసి ఇచ్చెయ్యాలి. ఇచ్చాక మళ్లీ వెళ్లి చూడకూడదు. వెళితే అదీ అక్కడ కుదురుకోదు, మనమూ ఇక్కడ కుదురుకోం.

నాలుగు నెలల క్రితం గోధుమను అలాగే ఇచ్చేశారు. షెడ్డు మొత్తానికి లేత గోధుమ రంగులో ఉండేది అదొక్కతే. ఆ రంగు పిల్లల్లో దేనికీ రాలేదు. దాని మొదటి కాన్పు చిన్నమ్మ చేతుల మీదే జరిగింది. కత్తెరాయన బండిలో ఎక్కిస్తుంటే అది వెనక్కి తిరిగి చూసిన చూపుకు చిన్నమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. "ఒక్కసారి వెళ్లొస్తాను వదినా" అంటే, "అడుగు బయట పెట్టావంటే మళ్లీ షెడ్డులోకి రాకు" అంది వదిన. చిన్నమ్మ వెళ్లలేదు. ఆ ఇల్లు నాలుగు వీధుల అవతలే.

ఫోన్ మోగింది. డాక్టరు.

చిన్నమ్మ స్పీకర్ నొక్కి గట్టు మీద పెట్టింది.

"మూత్రపిండాల మీద ఎర్ర చుక్కలున్నాయమ్మా," అన్నాడాయన. "పిల్లల్ని చంపే వైరస్. పెద్ద కుక్కలకు సోకితే నాలుగు తుమ్ములు, కాస్త ముక్కు కారడం. అంతే. మూడు వారాల లోపు పిల్లలకు మాత్రం యముడు. వాటి ఒంట్లో వేడి చాలదు, అదే దానికి కావాల్సింది. గది బాగా వెచ్చబెట్టండి. మిగిలినదాన్ని కాపాడుకోవడానికి ఉన్న దారి అదొక్కటే."

"మరి తల్లి తోసేసిందండీ," అంది వదిన.

"చల్లబడిన పిల్లను ఏ తల్లయినా పక్కకు తోస్తుంది. చంపడానికి కాదు. పోతోందని మనకంటే ముందు దానికి తెలుస్తుంది. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. ఇంకో మాట. ఇది ఇంకో కుక్క నుంచి రావాల్సిందే. బయట ఎక్కువసేపు బతకదు. ఎవరో జబ్బు కుక్కను ముట్టుకుని, ఆ చేతులతోనో బట్టలతోనో నేరుగా పెట్టె దగ్గరికి వచ్చారు. మీ దగ్గర ఇంకో చూలుకుక్క ఉందిగా?"

"బొగ్గు. ఇంకా ఇరవై రోజులుంది," అంది చిన్నమ్మ.

"అయితే ఎవరు తెచ్చారో, ఎక్కడి నుంచి తెచ్చారో సాయంత్రంలోగా నాకు చెప్పండి. ఆ కుక్కను చూడాలి, మీవాటికి పరీక్షలు చెయ్యాలి. ఆ దారి మూయకపోతే బొగ్గు పిల్లలూ ఇంతే. నాలుగింటికి మళ్లీ చేస్తాను."

ఫోన్ ఆగింది. చిన్నమ్మ హీటరు తెచ్చి పెట్టె పక్కన పెట్టింది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి తెల్ల ఊలు పిల్ల వెనక ఆనించింది. మిరియం ఆమె మణికట్టు నాకింది.

"విన్నావుగా వదినా. దీని తప్పు లేదు. కత్తెరాయనకు రావద్దని చెప్పు."

"డాక్టర్లు వంద చెబుతారు. పిల్లలు దక్కని తల్లి ఉంటే ఎంత, పోతే ఎంత. రానీ. అసలు తెచ్చింది కూడా వాడే అయ్యుంటాడు. ఊళ్లో కుక్కలన్నిటి బొచ్చూ వాడి చేతుల్లోనేగా ఉండేది."

"అతను వచ్చి నెల దాటింది. వరండాలో కూర్చుని మసి గోళ్లు తీసిపోయాడు. నేనే చేతుల మీద నీళ్లు పోశాను. పురిటి గది గడపైనా తొక్కలేదు."

"నువ్వు నీళ్లు పోశావు. వాడు కడిగాడో, తడిపాడో!"

వదిన విసవిసా వెళ్లిపోయింది. చిన్నమ్మ అక్కడే నిలబడిపోయింది. తప్పు లేదని తేలిన కుక్కను పంపెయ్యడానికి ఇంత తొందరేమిటి? వదిన కటువు మనిషే కానీ అన్యాయస్తురాలు కాదు. ఓసారి పాలవాడి మీద తప్పుగా కేకలేసినందుకు వెంటబడి వీధి చివరి దాకా వెళ్లి, "తప్పు నాదయ్యా" అని చెప్పి వచ్చిన మనిషి.

చిన్నమ్మ రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంది. మిరియం ఈనింది సోమవారం. మొదటి పిల్ల పోయింది తొమ్మిదో రోజున. ఈ మధ్యలో గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. గేటు దాటి బయటికి వెళ్లివచ్చినవాళ్లు? చిన్నమ్మ మోకాళ్ల పుణ్యమా అని వీధి ముఖం చూడలేదు.

వదిన వెళ్లింది. గురువారం. పంటి డాక్టరు దగ్గరికి.

నాలుగు నెలలుగా ప్రతి గురువారం మధ్యాహ్నం వదిన పంటి డాక్టరు దగ్గరికి వెళుతోంది. అంత పంటి బాధ ఉన్న మనిషి నిన్న సాయంత్రం కూడా వేయించిన వేరుశెనగలు పటపటా నమిలింది. మొన్న గురువారం మాత్రం, రెండు పిల్లలు పోయాక, గడప దాటలేదు. నొప్పి తగ్గిందంది.

 చిన్నమ్మ ఉతుకుడు బట్టల బుట్ట దగ్గరికి నడిచింది.

ఆ కెన్నెల్‌లో అన్నయ్య కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. కళ్లు తెరవకముందే పిల్లలకు మనిషి వాసన అలవాటు కావాలి. అలా పెరిగిన పిల్ల ఏ ఇంటికి వెళ్లినా బెదరదు. అందుకని వదిన ఒక స్వెటరును రెండు రోజులు ఒంటి మీదే ఉంచుకుని, విప్పిన వెంటనే, ఆ వెచ్చదనం పోకముందే పెట్టెలో పరుస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి మారుస్తుంది. చేతులు కడుక్కుంటుంది, చెప్పులు మారుస్తుంది. స్వెటరును మాత్రం ఉతక్కూడదు. ఉతికితే వాసన పోతుంది.

బుట్ట అడుగున మెరూన్ రంగు స్వెటరు ఉంది. మిరియం ఈనిన వారం, గురువారం నాడు వదిన తిరిగొచ్చి పెట్టెలో పరిచినది. పిల్లల గొడవలో ఉతకడమే మరిచారు. చిన్నమ్మ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. నిండా నల్ల వెంట్రుకలు, మిరియంవి. రెండు చేతులూ మడత విప్పింది. ముంజేతుల దగ్గర, ఛాతీ మీద, ఒక ముసలి కుక్క తల ఆనించి పడుకుంటే ఎక్కడెక్కడ అంటుకుంటాయో సరిగ్గా అక్కడ, లేత గోధుమ రంగు వెంట్రుకలు.

ఆమెకు ముందు కోపం రాలేదు. 'నన్ను ఒక్కసారి కూడా వెళ్లనివ్వలేదు' అన్నదే ముందు వచ్చింది.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. కత్తెరాయన జాలీ బుట్ట పట్టుకుని దిగాడు. అరవై ఏళ్లవాడు. కుక్కల బొచ్చు కత్తిరించడం పని, ముసలి కుక్కలకు ఇళ్లు వెతికిపెట్టడం ఇష్టం.

"అక్కడే ఆగు," అంది వదిన. "లోపలికి రాకు. తెచ్చింది చాలు."

"ఏం తెచ్చాను పెద్దమ్మగారూ? ఖాళీ బుట్టేగా."

"జబ్బు తెచ్చావు. నాలుగు పిల్లల్ని మింగావు. పది ఇళ్ల కుక్కల్ని పిసికి ఆ చేతులతోనే వచ్చావు."

కత్తెరాయన బుట్ట కింద పెట్టాడు. గడ్డం గోక్కున్నాడు. "ముప్పై ఏళ్లుగా వస్తున్నాను. మీ గేటు దగ్గర కడిగినన్నిసార్లు మా ఇంట్లో అన్నానికి కూడా చేతులు కడగలేదు. నెల దాటింది నేను ఈ గడప తొక్కి."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"నా భుజాలు చూసుకోండి, దుమ్ము తప్ప ఏమీ లేదు." అతని గొంతు తగ్గింది. "నా నోరు తెరిపించకండమ్మా. నేనూ ఆ నాలుగు వీధుల అవతలికి పనికి వెళ్లేవాడినే. ఎవరు ఎక్కడ కూర్చుని ఎవరికి ముద్దలు పెడుతున్నారో చూసి కూడా ఇన్నాళ్లూ అడిగానా?"

 వదిన చెయ్యి దానంతటది ఒంటి మీది స్వెటరు గుండీల మీదికి వెళ్లింది.

చిన్నమ్మ స్వెటరుతో వరండాలోకి వచ్చింది. అరవాలనుకుంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"గోధుమ ఎలా ఉంది వదినా?"

వదిన మెరూన్ స్వెటరు వంక చూసింది. దాని మీది వెంట్రుకల వంక చూసింది. వరండా మెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"తినడం లేదే," అంది. "ఇచ్చిన వారానికే ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. గిన్నె ముట్టడం లేదు, గేటు దగ్గరే పడుకుంటోందన్నాడు. ఒక్కసారి చూసి వద్దామని వెళ్లాను. నా చేత్తో పెడితే తింది. ఇంకెలా మానను? గురువారం నుంచి గురువారం దాకా అది నా కోసమే బతుకుతోంది."

"దానికి ఒంట్లో బాగుందా?"

"ఆ ఇంట్లో ఇంకా రెండు కుక్కలున్నాయి. ఆ గురువారం మూడూ తుమ్ముతున్నాయి. గాలి మారిందేమో అనుకున్నాను." వదిన తన అరచేతులు చూసుకుంది. "చేతులు కడుక్కున్నానే పిల్లా. మోచేతుల దాకా కడుక్కున్నాను. ఈ స్వెటరు సంగతి... రెండో పిల్ల పోయిన రోజు గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి కూడా మిరియంను పంపెయ్యమన్నావు."

"దాన్ని చూస్తుంటే ఊపిరాడటం లేదు. నా చెయ్యి నాకుతుంది. ఏమీ తెలియదు దానికి."

"నన్ను ఏడవొద్దన్నావు వదినా. అడుగు బయట పెడితే లోపలికి రావొద్దన్నావు. నాకు చెప్పి ఉంటే, కనీసం నేనా స్వెటరు పరచనిచ్చేదాన్ని కాదు."

వదిన తల దించుకుంది.  కత్తెరాయన గేటు అవతల నిలబడి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

అప్పుడే పురిటి గదిలోంచి వినపడింది. సన్నగా, ఆపకుండా ఒకటే ఏడుపు.

చిన్నమ్మ పరుగెత్తింది. మోకాళ్లు గుర్తురాలేదు. తెల్ల ఊలు పిల్ల సీసా పక్క నుంచి జరిగిపోయి, తల పైకెత్తి గాలిలో ఏదో వెతుకుతున్నట్టు ఊగుతోంది. మిరియం దాన్ని తొయ్యలేదు. ఇంకా తొయ్యలేదు. ముక్కు ఆనించి, నాకి, కడుపు కిందికి లాక్కుంది. చిన్నమ్మ హీటరును దగ్గరికి జరిపింది. పిల్ల పొట్ట మీద వేలు పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. ఈ వెచ్చదనం సాయంత్రం దాకా ఉంటుందో లేదో చెప్పగలిగినవాళ్లు ఈ ఇంట్లో లేరు.

గట్టు మీద ఫోన్ మోగింది. నాలుగు గంటలు. స్పీకర్ నొక్కింది.

"తెలిసిందా అమ్మా?" డాక్టరు గొంతు. "ఎవరు తెచ్చారు?"

చిన్నమ్మ నోరు తెరిచింది. గుమ్మంలో వదిన నిలబడి ఉంది, పొడుగాటి మనిషి ఒక్క పూటలో కుంగిపోయి. ఆమె వెనక వాకిట్లో కత్తెరాయన ఖాళీ బుట్ట మళ్లీ బండెక్కిస్తున్నాడు. ఒక్క పేరు చెబితే చాలు. చెప్పకపోతే బొగ్గు కడుపులోవి పోతాయి. చెబితే ఈ మనిషి మళ్లీ ఈ పెట్టె ముందు ఎలా కూర్చుంటుంది?

"డాక్టరుగారూ, అదీ..." అంది చిన్నమ్మ.

వదిన ముందుకొచ్చింది. గడప దాటలేదు. బయటే ఆగి, తన ఒంటి మీది స్వెటరు విప్పి వరండాలో పడేసింది. అప్పుడు గుమ్మంలోంచే, కత్తెరాయనకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"నేనండీ. నాలుగు వీధుల అవతల నేనిచ్చేసిన కుక్కను చూడటానికి దొంగచాటుగా వెళ్లి, నేనే తెచ్చాను. మిరియం కాదు, కత్తెరాయన కాదు. ఆ నాలుగు పిల్లల్నీ చంపింది నేను."